బైక్ మొరాయిస్తే తప్పు పెట్రోల్‌దేనా? ఎవరిని అడగాలి?

మైలేజీ తగ్గింది. పొద్దున్నే స్టార్ట్ అవడం లేదు. సిగ్నల్ దగ్గర ఆగితే బండి కూడా ఆగిపోతోంది. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే ఈమధ్య ఒకటే మాట వినిపిస్తోంది: ‘అంతా ఈ20 పెట్రోల్ మహిమ సార్’. నిజంగా అంతేనా?

కొంత నిజమే. కానీ ఇంజిన్ సమస్యల వెనుక ప్రధానంగా మూడు వేర్వేరు కారణాలు ఉంటాయి: ఇథనాల్ కలిపిన పెట్రోల్, బంకులో పెట్రోల్‌లో చేరిన నీళ్లు, మనం వాయిదా వేసిన సర్వీసింగ్. మీకు పరిహారం వస్తుందా, రిపేర్ ఖర్చు మీరే పెట్టుకోవాలా అన్నది వీటిలో కారణం ఏదన్న దాన్ని బట్టే ఉంటుంది. అందుకే ముందు తేడా తెలుసుకోండి.

ఈ20 వల్ల మైలేజీ ఎంత తగ్గుతుంది?

ఈ20 అంటే 20 శాతం ఇథనాల్, 80 శాతం పెట్రోల్. 2030 నాటికి అనుకున్న ఈ లక్ష్యాన్ని కేంద్రం 2025-26కు ముందుకు జరిపింది. ఇథనాల్ కలపని పెట్రోల్ కూడా అందుబాటులో ఉంచాలని వేసిన పిటిషన్‌ను 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది. కాబట్టి సాధారణ బంకులో మీకు దొరికేది ఇదే.

లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి, లీటరు పెట్రోల్ కంటే దాదాపు మూడో వంతు తక్కువ. అందుకే మైలేజీ తగ్గుతుంది. పాత తరహా ద్విచక్ర వాహనాల్లో ఈ తగ్గుదల 3-4 శాతం ఉండొచ్చని 2021లో నీతి ఆయోగ్ నివేదిక అంచనా వేసింది.

దీన్ని మీ బండికి లెక్కేసి చూడండి. లీటరుకు 50 కిలోమీటర్లు ఇచ్చే బైక్ 48 ఇస్తే, అది ఈ20 ప్రభావం కావచ్చు. 40కి పడిపోతే మాత్రం తగ్గింది 20 శాతం. అంత తేడాకు ఇథనాల్ ఒక్కటే కారణం కాదు. నెలకు 3,000 కిలోమీటర్లు తిరిగే డెలివరీ బాయ్‌కి మొదటి సందర్భంలో అదనపు ఖర్చు రెండున్నర లీటర్లు. రెండో సందర్భంలో 15 లీటర్లు. ‘పెట్రోలే అంత’ అని సర్దుకుపోతే అతను నెలనెలా నష్టపోయేది ఇక్కడే.

పాత బండ్లకు ముప్పు ఉందా?

2023 ఏప్రిల్ నుంచి వస్తున్న వాహనాల్లో విడిభాగాలను ఈ20ని తట్టుకునేలా తయారు చేస్తున్నారు. అంతకు ముందు బండి అయితే ఓనర్స్ మాన్యువల్‌లో ఏ ఇంధనం రాసి ఉందో చూడండి. పాత వాహనాల్లో 20-30 వేల కిలోమీటర్ల తర్వాత కొన్ని రబ్బరు భాగాలు, గ్యాస్కెట్లు మార్చాల్సి రావచ్చని 2025 ఆగస్టులో పెట్రోలియం శాఖే చెప్పింది. ఈ20 వాడినంత మాత్రాన బీమా చెల్లకుండా పోదనీ స్పష్టం చేసింది.

కార్బురేటర్ బండి ఉన్నవారు సర్వీసింగ్‌లో పెట్రోల్ పైపు, వాషర్లు చూపించుకోండి. పైపు ఉబ్బినా, పగుళ్లిచ్చినా వెంటనే మార్చండి. రెండు మూడు వారాలు బండి తీయకపోతే పెట్రోల్ నాబ్ ఆపేసి, కార్బురేటర్‌లో ఉన్నది అయిపోయేదాకా ఇంజిన్ నడపండి. లేదంటే జెట్లు మూసుకుపోతాయి.

బంకు నుంచి రాగానే ఆగిపోయిందా?

ఇది వేరే కథ. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. నీరు పరిమితి దాటితే ఇథనాల్‌తో కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి అడుగుకు చేరుతుంది. వర్షాకాలంలో బంకు ట్యాంకుల్లోకి నీరు చేరితే ఈ సమస్య వస్తుంది. పెట్రోల్ పోయించిన కాసేపటికే బండి కుదుపులిచ్చి ఆగిపోతే దీన్నే అనుమానించాలి.

అప్పుడు ఇలా చేయండి:

- సెల్ఫ్ మళ్లీ మళ్లీ కొట్టొద్దు.
- మెకానిక్‌తో కొంచెం పెట్రోల్ పారదర్శకమైన సీసాలోకి తీయించండి. కాసేపు కదపకుండా ఉంచితే అడుగున వేరే పొర కనిపిస్తుంది. ఫొటో, వీడియో తీసుకోండి. దగ్గర్లో నిప్పు లేకుండా చూసుకోండి.
- పెట్రోల్ బిల్లు, మెకానిక్ బిల్లు దాచండి. బిల్లు లేకపోతే యూపీఐ చెల్లింపు స్క్రీన్‌షాట్ ఉంచుకోండి.
- బంకులో ఫిర్యాదుల పుస్తకం అడిగి రాయండి. ఫిల్టర్ పేపర్ పరీక్ష, డెన్సిటీ పరీక్ష చేయమని అడిగే హక్కు మీకుంది.
- అక్కడి బోర్డుపై ఉన్న ఆయిల్ కంపెనీ నంబరుకు కాల్ చేయండి.
- స్పందన లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. చివరి మెట్టు జిల్లా వినియోగదారుల కమిషన్. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపు ఉన్న కేసులకు ఫీజు లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఫిర్యాదు వేయొచ్చు.

మన చేతిలో ఉన్నవి

ఇంజిన్‌ను నిజంగా ‘బోరు’కు తెచ్చేది చాలాసార్లు ఆయిలే. చాలా 100-125 సీసీ బండ్లలో పట్టే ఆయిల్ లీటరు లోపే. అందులో పావు లీటరు తగ్గినా ప్రమాదమే. పదిహేను రోజులకోసారి బండిని సెంటర్ స్టాండ్ వేసి, సమతలంపై ఆయిల్ స్థాయి చూడండి. కారు ఆయిల్ పోయొద్దు, క్లచ్ జారిపోయే అవకాశం ఉంది. మాన్యువల్‌లో చెప్పిన గ్రేడే వాడండి.

పొగ రంగు కూడా చాలా చెబుతుంది. నీలిరంగు పొగ వస్తే ఆయిల్ కాలుతోందని అర్థం. పిస్టన్ రింగులు, వాల్వ్ సీళ్లు చూపించాలి. నల్లటి పొగ వస్తే పెట్రోల్ ఎక్కువగా మండుతోంది. ముందు ఎయిర్ ఫిల్టర్ చూడండి. మెట్రో, ఫ్లైఓవర్ పనుల దుమ్ములో రోజూ తిరిగేవారు కంపెనీ చెప్పిన గడువు కంటే ముందే దాన్ని శుభ్రం చేయించాలి.

వరద నీటిలో బండి మునిగితే స్టార్ట్ చేయకండి. సిలిండర్‌లో నీళ్లుంటే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. తోసుకెళ్లి ప్లగ్ తీయించి, ఆయిల్ మార్పించండి. ఆయిల్ పాలలా తెల్లబడిందంటే నీరు కలిసిందని అర్థం.

చివరగా ఒక చిన్న అలవాటు

ట్యాంకు నింపిన ప్రతిసారీ తేదీ, రీడింగ్, లీటర్లు, బంకు పేరు ఫోన్‌లో రాసుకోండి. మూడు నెలలు రాస్తే మైలేజీ నెమ్మదిగా తగ్గిందా, ఒక్కసారిగా పడిందా తెలిసిపోతుంది. నెమ్మదిగా తగ్గితే మెకానిక్ దగ్గరికి వెళ్లండి. ఒకే ఫిల్లింగ్ తర్వాత బండి మొరాయిస్తే బంకుకు వెళ్లండి. ఫిర్యాదు చేసేటప్పుడు ఆ లెక్కలే మీకు ఆధారం.