జీడి తోటలో డబ్బా మారితే సరిపోదు, పద్ధతి మారాలి

పలాస, వజ్రపుకొత్తూరు, మందస, టెక్కలి వైపు జీడి రైతులు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది: "టీ దోమకి ఏ కషాయం కొట్టాలి?" జవాబు చెప్పే ముందు నా అభిప్రాయం ఒకటి సూటిగా చెప్తాను. ప్రశ్నే తప్పు దారిలో ఉంది.

రసాయన పద్ధతిలో జీడికి మూడు పిచికారీలు చెప్తారు: కొత్త చిగురుకి ఒకటి, పూతకి ఒకటి, పిందెకి ఒకటి. మనలో చాలామంది ప్రకృతి సేద్యంలోకి వచ్చాక కూడా ఆ మూడు తేదీలే పెట్టుకున్నాం. డబ్బాలో మందు తీసేసి దశపర్ణి పోశాం, అంతే. పురుగు ఉందా లేదా చూడకుండా కొట్టేది కషాయమైనా కూలి దండగే. పైగా పురుగుని తినే పురుగులకీ దెబ్బ తగలొచ్చు.

టీ దోమ నిజంగానే దొంగ. లేత చిగురు, పూత, పిందె మీద రసం పీలుస్తుంది. పీల్చిన చోట నల్ల మచ్చ పడి, పూత కాలినట్టు మాడిపోతుంది. మంచు పట్టి పూత పోయిందని మనం అనుకుంటాం. అందుకే చిగురు మొదలైన దగ్గర్నుంచి వారానికోసారి పొద్దున్నే తోటలో తిరగాలి. మచ్చలు కనిపించిన చెట్టుకి, దాని చుట్టుపక్కల చెట్లకి నీమాస్త్రం కొట్టండి. 100 లీటర్ల నీటికి 5 కిలోల వేపాకు ముద్ద, 5 లీటర్ల ఆవు మూత్రం, 2 కిలోల పేడ చాలు. తోట మొత్తం తడపక్కర్లేదు.

ఇంకో కాపలాదారు మన తోటలోనే ఉన్నాడు. ఆకులు కుట్టి గూడు కట్టే ఎర్ర చీమలు. ఉత్తర ఆస్ట్రేలియా జీడి తోటల్లో, టాంజానియాలో ఈ జాతి చీమలు టీ దోమని అదుపు చేస్తాయని పరిశోధకులు తేల్చారు. మనమేమో కుడుతున్నాయని గూళ్లు కాల్చేస్తాం. పిక్కలు ఏరేటప్పుడు ఇబ్బందే, కాదనను. మనుషులు ఎక్కువ తిరిగే చోట తీసేసి, మిగతా చెట్ల మీద ఉండనివ్వండి.

కాండం, వేరు తొలిచే పురుగు సంగతి వేరు. టీ దోమ ఒక ఏడాది కాపు తింటే, ఇది చెట్టునే తినేస్తుంది. దీనికి ఆకు మీద కొట్టే ఏ కషాయమూ పనిచెయ్యదు, ఎందుకంటే పురుగు బెరడు లోపల ఉంటుంది. మొదలు దగ్గర రంపపు పొట్టు లాంటిది రాలుతున్నా, జిగురు కారుతున్నా ఆ రోజే ఉలితో బెరడు తీసి పురుగుని చంపాలి. తర్వాత లీటరు నీటికి 50 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు కలిపి మొదలుకీ, పైకి తేలిన వేర్లకీ పూయాలి. వీడియోలో మొదలు దగ్గరగా చూపించాం, గమనించండి. ఆకులన్నీ పసుపెక్కిన చెట్టు మీద ఆశ పెట్టుకోవద్దు. వేర్లతో సహా తీసి తోట బయట కాల్చెయ్యండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మన తోటల్ని కూల్చేసింది. ఒరిగిన చెట్టు, ఎండిన మోడు ఎక్కడ మిగిలి ఉన్నా అది ఈ పురుగుకి ఇల్లే.

ఇక గడ్డి, తుప్పలు. పిక్కలు ఏరడానికి నేల శుభ్రంగా ఉండాలని కలుపు మందు కొట్టేవాళ్లున్నారు. గ్లైఫోసేట్‌ని రైతులు సొంతంగా వాడకూడదని కేంద్రం 2022 అక్టోబరులోనే ఆంక్ష పెట్టింది. అది పక్కన పెట్టినా, మనది ఇసుక నేల. కప్పు లేకపోతే తేమ నిలవదు. చెట్టు మొదలు చుట్టూ ఒక మూర మేర శుభ్రంగా ఉంచండి, పొట్టు రాలితే కనిపిస్తుంది. మిగతా చోట కత్తితో కోసి అక్కడే పరచండి. ఎండ పడే ఖాళీల్లో తొలకరికి ముందే జనుము, పిల్లిపెసర, ఉలవ చల్లండి.

"ఒక్కో చెట్టూ ఎవడు చూస్తాడు?" అంటారు. 8 మీటర్ల ఎడం పాటించిన తోటలో ఎకరాకి 60 పైచిలుకు చెట్లుంటాయి. చెట్టుకి రెండు నిమిషాలు వేసుకుంటే రెండు గంటల పని. మూడు పిచికారీల కూలి కంటే ఇది చౌక. 80 కిలోల బస్తా ధర మన చేతిలో లేదు. ఆఫ్రికా పిక్కల దిగుమతి కూడా దాన్ని కదిలిస్తుంది. మన చేతిలో ఉన్నది ఖర్చు ఒక్కటే.

చివరగా ఒక మాట. ఉద్దానం కిడ్నీ జబ్బుకి పురుగు మందులే కారణమని మనవాళ్లు కొందరు మైకు పట్టుకుని చెప్తున్నారు. ఆ కారణం ఇంకా శాస్త్రీయంగా తేలలేదు. తేలని మాట చెప్పి ప్రకృతి సేద్యాన్ని అమ్ముకోనక్కర్లేదు. మనకి తేలిన సంగతే చాలు. కేరళ కాసరగోడ్‌లో ఇదే టీ దోమ కోసం జీడి తోటల మీద ఏళ్ల తరబడి హెలికాప్టర్లతో ఎండోసల్ఫాన్ చల్లారు. అక్కడి జనం ఏం అనుభవించారో దేశమంతా చూసింది. 2011లో సుప్రీంకోర్టు ఆ మందుని ఆపింది. ఆ తోటల మీద మందు తేదీ ప్రకారం పడింది, చెట్టుని చూసి కాదు.

కాబట్టి ఈసారి చిగురు వచ్చినప్పుడు డబ్బా భుజానికెత్తే ముందు తోటంతా ఒక చుట్టు తిరగండి. ఎన్ని చెట్లకి మచ్చ ఉంది, ఎన్నింటి మొదట్లో పొట్టు ఉంది, కాగితం మీద రాసుకోండి. ఆ లెక్క చూశాకే ఏ చెట్టుకి ఏం చెయ్యాలో నిర్ణయించండి.