జీరో టికెట్ సరే, మంచినీళ్లు తాగేదెట్లా?

మా ధరూరుకు దగ్గర్లోనే జూరాల ప్రాజెక్టు. గేట్లెత్తినప్పుడు కృష్ణమ్మ పరుగు చూసి మా పక్కింటి పెద్దమ్మ ఎప్పుడూ ఒకే మాట అనేది. "ఈ నీళ్లు శ్రీశైలం పోతయి. నేనే పోలేకపోతి."

అరవై దాటిన మనిషి. మల్లన్నకు మొక్కుకుని ఏళ్లయింది. కొడుకును చార్జీలడగాలంటే మొహమాటం, ఇల్లు కోడలి మీద వదిలి పోవాలంటే మొహమాటం. 2023 డిసెంబరు 9న తెలంగాణలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలయ్యాక అందులో సగం తీరింది. శివరాత్రి రద్దీ తగ్గాక ఇద్దరం బయల్దేరాం. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు... బస్సులు మారుతూ అచ్చంపేట చేరాం. అన్నీ జీరో టికెట్లే!

అచ్చంపేటలో శ్రీశైలం బస్సెక్కితే కండక్టరు అసలు సంగతి చెప్పాడు. "అవ్వా, మన రాష్ట్రం దాటేదాకనే జీరో టికెట్. అక్కణ్ణుంచి శ్రీశైలానికి పైసలియ్యాలె."

నిజమే. 2014 జూన్ 2 నుంచి అక్కడ కృష్ణానదే సరిహద్దు. ఎడమ గట్టు తెలంగాణ, కుడి గట్టు ఆంధ్రప్రదేశ్. అక్కడా 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పేరుతో ఉచిత ప్రయాణం మొదలైంది. కానీ అది అక్కడి ఆడవాళ్లకు, అక్కడి రాష్ట్రం లోపల. నదికి రెండువైపులా ఉచితమే, నది దాటేవాళ్లకు మాత్రం కాదు! నాకు చిర్రెత్తింది. పెద్దమ్మ మాత్రం నిమ్మళంగా కొంగు ముడి విప్పింది. నోట్లతోపాటు చిన్న మాత్ర ఒకటి ఒళ్లో పడింది.

"ఇదేంది పెద్దమ్మా?"

"బీపీ గోలి బిడ్డా. పొద్దున ఏసుకోలే. ఏసుకుంటే గడియకోసారి పోవాల్సొస్తది. అడవిల బస్సెవరు ఆపుతరు?"

నేను నోరు మూసుకున్నాను. ఎందుకంటే నేనూ తక్కువ తినలేదు. ముందురోజు రాత్రి నుంచే మంచినీళ్లు తగ్గించేశాను. సీసా నిండుగా ఉంది, నాలుక పిడచకట్టుకుపోతోంది. చుట్టూ చూస్తే ఏ ఆడమనిషీ నీళ్లు తాగడం లేదు.

మన్ననూరు దాటితే నల్లమల. అమ్రాబాద్ పులుల అభయారణ్యం. రాత్రిపూట ఆ దారి మూసేస్తారు. పగలైనా ఎక్కడపడితే అక్కడ దిగడానికి లేదు, దిగకూడదు కూడా. దారిలో బస్సాగిన ఒకచోట బాత్రూం అని బోర్డయితే ఉంది. లోపల నీళ్లు లేవు, తలుపుకు గొళ్లెం లేదు. నేను చీర కొంగుతో తలుపు పట్టుకుని నిలబడితే పెద్దమ్మ లోపలికి పోయి, పోయినంత వేగంగా తిరిగొచ్చింది. మగవాళ్లు ఆ సరికే రోడ్డు దాటి చెట్ల చాటునుంచి తిరిగొచ్చి టీ తాగుతున్నారు.

ఇది నవ్వుకుని వదిలేసే సంగతి కాదు. బీపీకిచ్చే మందుల్లో కొన్నింటికి మూత్రం ఎక్కువగా పోవడం సహజం. అందుకని మాత్ర మానేస్తే రక్తపోటు పెరుగుతుంది. నీళ్లు తాగకుండా, వచ్చింది ఆపుకుంటూ కూర్చుంటే మూత్రంలో ఇన్ఫెక్షన్ రావచ్చు. గర్భిణులు, షుగరున్నవాళ్లు, బహిష్టైన ఆడపిల్లలు ఈ దారిలో పడే అవస్థ పగవాళ్లకు కూడా వద్దు.

జోడు మలుపులు దిగి వంతెన దాటాం. ఆ జలాశయం నీళ్లలో ఎవరి వాటా ఎంతని రెండు ప్రభుత్వాలూ వాదించుకుంటూనే ఉన్నాయి. ఆడవాళ్ల టికెట్టు విషయంలోనైనా ఒక మాట మీదికి రావచ్చుగా అనిపించింది. అయినా నన్నడిగితే ఆ కొద్దిపాటి చార్జీ కన్నా ముందు అడగాల్సింది వేరే ఉంది. అడవిలో ఏమీ కట్టమనడం లేదు. అడవికి ముందు మన్ననూరుంది, దాటాక దోమలపెంట ఉంది. రెండుచోట్లా నీళ్లు, లైటు, గొళ్లెం ఉన్న శుభ్రమైన మరుగుదొడ్లు, రోజూ కడిగే మనిషి, బస్సు పది నిమిషాలు ఆగుతుందని కండక్టరు ఒక కేక. ఇంతే!

ఉచిత బస్సు ఆడవాళ్లను గడప దాటించింది. అది చిన్న సంగతేం కాదు. కానీ దాహాన్ని చంపుకుని చేసే ప్రయాణం ఉచితమెలా అవుతుంది? తప్పు మనలోనూ ఉంది. ఊరికి బస్సు కావాలని అర్జీ పెడతాం. బాత్రూం కావాలని రాయడానికి సిగ్గుపడతాం. ఆకలి చెప్పుకోగా లేనిది ఇది చెప్పుకుంటే ఏం?

శ్రీశైలంలో బస్సు దిగగానే పెద్దమ్మ శిఖరం వైపు చూడలేదు. "బాత్రూం యాడుందో చూడు బిడ్డా" అంది. అది అయ్యాకే కొంగు ముడి విప్పి, మాత్ర వేసుకుని, సీసాడు నీళ్లూ గటగటా తాగేసింది. అప్పుడు చేతులు జోడించింది.

వచ్చే ఏడు మళ్లీ పోదామంటోంది. ఈలోగా మా ఊరి ఆడవాళ్లందరి సంతకాలతో ఒక అర్జీ రాస్తున్నాను. మొదటి వేలిముద్ర పెద్దమ్మదే. మీ ఊరి దారి సంగతేమిటి? మీరూ రాస్తారా?