సోఫా మిగిలింది, బిల్లీ పోయింది

పోయిన జుమ్మా నమాజ్ చదివి ఇంటికొచ్చానో లేదో, మా భాంజీ ఫోన్. ఒకటే ఏడుపు. "మామూ, అబ్బా మోతీని బోరాలో కట్టి తీసుకెళ్లిపోయారు" అంది.

మోతీ వాళ్లింటి పిల్లి. దాని కసూర్ ఏంటంటే, పెద్ద భాంజీ షాదీకని కొన్న కొత్త సోఫాని గోళ్లతో గీరింది. దుల్హాభాయ్ దాన్ని ఊరి చివర చేపల బజార్ దగ్గర వదిలేసి వచ్చారు. రెండ్రోజులు తిరిగాం. దొరకలేదు. ఎవరికి చెప్పినా "అరె, పిల్లే కదా మియా" అంటున్నారు. ఆ మాటకే ఈ జవాబు.

పిల్లి గురించి మనమెంత ఫఖర్‌గా మాట్లాడతాం! అబూ హురైరా అనే కునియత్‌కి పిల్లిపిల్ల తండ్రి అని మానీ చెప్తాం. నిద్రపోతున్న పిల్లి కోసం ప్రవక్త అంగీ చెయ్యి కత్తిరించారన్న కిస్సా వాట్సాప్‌లో పంపుకుంటాం. దానికి హదీస్ కితాబుల్లో సనద్ లేదు. సనద్ ఉన్నది వేరే ఉంది: పిల్లిని కట్టేసి, తిండి పెట్టక, బయట తిననివ్వక చంపిన ఔరత్‌కి దోజఖ్ శిక్ష పడిందన్నది. అది బుఖారీలో ఉంది, ముస్లింలో ఉంది. దాన్ని మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరు.

"మేం కట్టెయ్యలేదు, వదిలేశాం కదా" అని వకాలత్ చేసేవాళ్లున్నారు. దస్తర్‌ఖాన్ పక్కన కూర్చుని ఖీమా తిన్న పిల్లికి కుక్కల మధ్య బతకడం ఎక్కడొస్తుంది? ఇంట్లో పెంచిన ప్రాణం అమానత్. దాన్ని బజార్లో పారేయడం ఖియానత్.

ఇంతకీ పిల్లి గీరేది షరారత్‌తో కాదు. అది దాని ఫిత్రత్. గోటి మీది పాత పొర రాలాలంటే గీరాలి. నిద్ర లేచాక ఒళ్లు విరుచుకోవాలంటే గీరాలి. దాని పంజాలో వాసన గ్రంథులుంటాయి. గీరినచోట "ఇది నా ఇల్లు" అని దస్తఖత్ పెడుతుంది. మీ ఇంటిని తన ఇల్లనుకున్నందుకా దానికి సజా?

గల్ఫ్‌లో ఉన్న ఒక రిష్తేదార్ ఇంకో సలహా ఇచ్చాడట: గోళ్లు తీయించేయమని. అది గోళ్లు కత్తిరించడం కాదు భాయ్. ప్రతి వేలి చివరి ఎముకను కోసేయడం. ముందు కాళ్లకే పది వేళ్లు. మన వేళ్లను చివరి కణుపు దగ్గర నరికినట్టు. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రం 2019లో దీన్ని నిషేధించింది. మన దేశంలో కూడా జంతువుల అవయవాలు తీసేయడం 1960 నాటి చట్టం కింద జుర్మే.

మరి ఇలాజ్ ఏంటి? ఏ బోరాలో మోతీని కట్టారో ఆ బోరానే!

మూడడుగుల దుంగ ఒకటి తెచ్చి, గోనె గుడ్డ గానీ కొబ్బరితాడు గానీ బిగించి చుట్టండి. పిల్లి నిలువునా సాగి గీరినా కదలకుండా అడుగున పలక కొట్టండి. మూల గదిలో దాచొద్దు. అది పాడుచేస్తున్న సోఫా పక్కనే పెట్టండి. కొన్ని పిల్లులకు అడ్డంగా నేల మీద గీరడం ఇష్టం, వాటికి పాత చాప చాలు. సోఫా మూలలకు కొన్నాళ్లు రెండువైపులా అంటుకునే టేపు వేయండి. ఆ జిగురు దానికి నచ్చదు. దుంగను గీరినప్పుడల్లా చిన్న చికెన్ ముక్క పెట్టండి. పంజా పట్టుకుని బలవంతంగా గీరించొద్దు, భయపడి అటు రాదు. కొట్టొద్దు. కొడితే గీరడం మానదు, మీరు లేనప్పుడు గీరుతుంది. రెండు మూడు వారాలకోసారి గోటి కొన మాత్రం కత్తిరించండి. లోపల గులాబీ రంగులో కనిపించే చోట నరం, రక్తం ఉంటాయి, అక్కడికి పోవద్దు.

ఇదంతా ఒక ఆదివారం పని. సోఫా ఖరీదు ముందు దీని ఖర్చెంత?

దుల్హాభాయ్, మీరిది చదువుతారని తెలుసు. నారాజ్ కావద్దు. ఆ చిరుగు మీద ఆపా చద్దర్ కప్పింది, మెహమాన్లకు కనిపించదు. కానీ మీ చిన్న బేటీ ఆ సోఫా మీద కూర్చోవడం మానేసింది. అది గమనించారా?