ఏడాది నిర్బంధం తర్వాత ఏమిటి?



పదేపదే దొంగతనాలు చేసేవాళ్లందరి మీదా పీడీ యాక్టు (ముందస్తు నిర్బంధ చట్టం) పెట్టాలన్న మరో కరీంనగర్ పాఠకుడి లేఖ చదివాను. మెడలో పుస్తెలతాడు తెంపుకుపోతే ఆ ఇల్లాలి బాధ చిన్నది కాదు. కానీ 1986 నాటి ఆ చట్టం కింద నిర్బంధం గరిష్ఠంగా ఏడాదే. పైగా దాన్ని అడ్డగోలుగా వాడుతున్నారని 2023లో అమీనా బేగం కేసులో సుప్రీంకోర్టు మన రాష్ట్రాన్నే తప్పుబట్టింది.

నిర్బంధం ముగిసి బయటికొచ్చాక ఏమవుతుందో చూడండి. మా వెల్డింగ్ షాపులో జైలు నుంచి వచ్చిన పిల్లగాడు కుదిరాడు. మంచి పనోడు. ఊళ్లో ఏ తాళం పగిలినా ముందు అతనికే ఫోన్. సగం అతికిన గేటు వదిలేసి స్టేషన్‌కు పరుగెత్తాలి. సంగతి తెలిసి ఇంటాయన గది ఖాళీ చేయమన్నాడు. ఇక ఎక్కడికి పోవాలి?

జైళ్ల శాఖ తన పెట్రోల్ బంకుల్లో విడుదలైనవాళ్లకు పని ఇస్తోంది. ఆదిలాబాద్ జిన్నింగ్ మిల్లులకు సీజన్‌లో కూలీలు బయటి రాష్ట్రాల నుంచి వస్తారు. విడుదలకు నెల ముందే జైలు అధికారులు ఆ మిల్లుల యజమానులతో వీళ్ల పని గురించి మాట్లాడాలి.

— ఒక పాఠకుడు, కరీంనగర్