గణాంక వీథి: రేఖ విరిగిన చోటు
బిలాస్‌పూర్ నగరంలోని ఇళ్ల సంఖ్యను సంవత్సరాలవారీగా గీతల కాగితంపై గుర్తిస్తే, 2019 వద్ద రేఖ ఒక్కసారిగా పైకి లేవక తప్పదు. ఆ యేట నగరవాసులెవరూ అన్ని ఇళ్లు కట్టలేదు. అంతవరకు స్వంత పాలక మండలి కలిగిన తిఫ్రా, దానితోపాటు సిర్గిట్టి, సక్రి, మరికొన్ని గ్రామాలు నగరపాలక సంస్థలో విలీనమైనాయి. తిఫ్రావాసి నిన్నటి ఇంటిలోనే నిద్ర లేచాడు. పట్టికలో మాత్రం నగరం పెరిగింది. 2007లో పన్నెండు పురపాలక సంఘాలను కలుపుకొని హైదరాబాదు మహానగరమైనప్పుడు జరిగినదీ ఇదే.

కాలశ్రేణిలోని ఇటువంటి మార్పును గణాంకవేత్తలు నిర్మాణాత్మక విచ్ఛేదమంటారు. దీనిని నిర్ధారించడానికి 1960లో గ్రెగరీ చౌ వివరించిన పరీక్ష సరళమైనది. మొత్తం కాలానికి ఒకే రేఖ గీయాలి. తరువాత, మార్పుకు ముందొకటి, వెనుకొకటిగా రెండు రేఖలు గీయాలి. ప్రతి బిందువు రేఖకు ఎంత ఎడంగా ఉన్నదో చూచి, ఆ దోషాల వర్గాలను కూడాలి. రెండు రేఖలు గీస్తే ఆ మొత్తం ఎలాగూ కొంత తగ్గుతుంది. ఆ తగ్గుదల కేవలం యాదృచ్ఛికంగా రాదగినంతకు మించినదా అన్నదే ప్రశ్న.

అయితే తేదీ ముందుగా తెలిసి ఉండాలి. తిఫ్రా విలీనమూ, 2003 ఏప్రిల్‌లో బిలాస్‌పూర్ కేంద్రంగా ఆగ్నేయ మధ్య రైల్వే ఏర్పడడమూ ఉత్తర్వులలో ఉన్న తేదీలే. కార్యాలయాలలో సాధారణంగా జరిగేది వేరు. గ్రాఫులో బాగా కుంగిన చోట వేలు పెట్టి, ఆ నెలలో ఆ కుర్చీలో ఎవరున్నారని విచారిస్తారు. ఒక ఉద్యోగి పదోన్నతి ఆ వేలి కొనపై ఆధారపడుతుంది! అన్ని నెలలూ గాలించి అతి పెద్ద తేడాను ఏరుకొన్నప్పుడు మామూలు పట్టిక చెల్లదని, అప్పటి కొలమానమేదో 1993లో డొనాల్డ్ ఆండ్రూస్ చూపాడు. ఒకే గుణకం మారే సందర్భంలో, శ్రేణికి ఇరుకొసలా 15 శాతం విడిచి వెదికితే, 5 శాతం స్థాయిలో 3.84 దాటితే చాలన్న చోట సుమారు 8.7 దాటవలసి ఉంటుంది. ఆయన పరిశీలించిన పరీక్షలలో ఒకదానికి మూలం, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన మన సి.ఆర్. రావుగారు 1948లో ప్రతిపాదించిన స్కోరు పరీక్ష కావడం మనకు ముచ్చటైన సంగతి.

ఇక బిలాస్‌పూర్ రేఖ ఎత్తు మారినదన్నది స్పష్టమే. వాలు కూడ మారినదా, అనగా నగరం నిజంగా వేగంగా పెరుగుతున్నదా అని తెలియాలంటే, తిఫ్రా మొదలైన ఊళ్ల పాత లెక్కలను దస్త్రాలనుండి తీసి 2019కి పూర్వపు సంవత్సరాలకు కూడ కలిపి, ఆ తరువాతనే పరీక్షకు పూనుకోవాలి.