తుడిస్తే లీకు ఆగదు



నా పాత స్ప్లెండర్ మీకు తెలిసిందే. మూడు ఊళ్ల కూడికలకు నన్ను మోసేది అదే. పోయిన వానకాలం తర్వాత దాని కుడివైపు ముందు ఫోర్కు నుండి నూనె కారడం మొదలైంది. నేనేం చేశానంటే, ఆదివారం పొద్దున్నే బట్టతో తుడిచేశాను. మళ్లీ కారితే మళ్లీ తుడిచాను. మందిరం ముందు బండి శుభ్రంగా కనబడితే చాలనుకున్నాను. అలా రెండు నెలలు గడిచాయి.

ఒక సాయంత్రం మా ఆవిడ వెనక కూర్చుని ఉంది. చెరువుకట్ట దిగుతుంటే గుంట వచ్చింది. బండి ముందుభాగం ఒక్కసారిగా కూలబడి మళ్లీ ఎగిరింది. హ్యాండిల్ చేతిలో నిలవలేదు. దేవుని కృపవలన పడలేదు గాని, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఫోర్కులో బరువు మోసేది స్ప్రింగు. ఆ స్ప్రింగు గంతులేయకుండా పట్టి ఉంచేది నూనె. నూనె తగ్గితే చక్రం నేలను వదిలేస్తుంది. డిస్కు బ్రేకు ఉన్న బండ్లకు ఇంకా ప్రమాదం. కారిన నూనె డిస్కు మీద పడితే బ్రేకు పట్టదు. నూనె తాగిన ప్యాడ్లు మార్చాల్సిందే.

అంతకుముందు ఏడాది ఒక షాపులో సీలు మార్పించాను. నాలుగు నెలలకే మళ్లీ లీకు. అందుకే ఈసారి నేనే విప్పాను. అప్పుడు తెలిసింది, తప్పు సీలుది కాదు. ఫోర్కు రాడ్డు మీద తుప్పు చుక్కలున్నాయి. గోటితో రాస్తే తగులుతున్నాయి. ఎన్ని కొత్త సీళ్లు వేసినా వాటి అంచును అవి కోసేస్తాయి.

నా అభిప్రాయం ఇది: చేతనైనవారు ఈ పని సొంతంగా చేసుకోవాలి. డబ్బు మిగులుతుందని కాదు, కారణం వెతికే ఓపిక బండి యజమానికే ఎక్కువ ఉంటుందని.

ముందు తేలికైనది చూడండి. డస్టు సీలు పైకి లేపి, పాత ఎక్స్‌రే ఫిల్మును సన్నగా కత్తిరించి, ఆయిల్ సీలుకూ రాడ్డుకూ మధ్య దూర్చి చుట్టూ తిప్పండి. మట్టి ఇరుక్కుని ఉంటే బయటికొస్తుంది. ఒక్కోసారి లీకు అంతటితో ఆగిపోతుంది.

ఆగకపోతే విప్పాలి. ఇంజను కింద గట్టి ఆధారం పెట్టి ముందు చక్రం తీయండి. పైబోల్టు విప్పేటప్పుడు ముఖం దూరంగా ఉంచండి, లోపల స్ప్రింగు బిగిసి ఉంటుంది. రాడ్డు మీద చిన్న గరుకు ఉంటే, సన్నటి నీటి ఎమరీ కాగితంతో నునుపు చేయవచ్చు. సీలు జరిగే చోట లోతైన గుంటలుంటే రాడ్డే మార్చాలి, మరో దారి లేదు. నేనూ మార్చాను. కొత్త సీలుకు నూనె రాసి, రాడ్డు అంచుకు పాలిథిన్ కవరు చుట్టి ఎక్కించండి. లేకపోతే ఆ అంచే సీలును కోస్తుంది. సరిపోయే పీవీసీ పైపు ముక్కతో సమంగా దించండి. రెండువైపులా సీళ్లు మార్చి, కంపెనీ పుస్తకంలో చెప్పినంత నూనె రెండింటిలో సమానంగా పోయండి. పాత నూనె కాలువలో పారబోయకండి, డబ్బాలో పట్టి షెడ్డులో ఇవ్వండి.

అడుగునున్న అలెన్ బోల్టు నాకు ఊడలేదు. సిగ్గుపడకుండా మన ఊరి మెకానిక్‌ను పిలిచాను. రెండు నిమిషాల్లో విప్పిపెట్టాడు. చక్రం బిగించాక కూడా ఆయనకే చూపించి బండి ఎక్కాను. సొంతంగా చేసుకోవడమంటే ఎవరినీ అడగకపోవడం కాదు.

యవనస్థులారా, ఈ రాత్రి మీ బండి ముందు కూర్చుని ఫోర్కు రాడ్డును ఒకసారి వేలితో తడిమి చూడండి. వేలికి నూనె అంటితే బట్ట కోసం వెతకకండి, పానా తీయండి. మన బతుకుల్లోనూ ఆదివారానికి తుడిచి దాచుకునే మరకలు ఉంటాయి. వాటి సంగతి మీకూ తెలుసు, నాకూ తెలుసు.