సొంత వడ్లు నిండితేనే సొంత మిల్లు
రైతు ఉత్పత్తిదారుల కంపెనీల సభ్యులకు విజ్ఞప్తి

2020లో కేంద్రం 10,000 రైతు ఉత్పత్తిదారుల సంస్థల పథకం తెచ్చింది. ఒక్కో సంస్థకు మూడేళ్లలో 18 లక్షల రూపాయల వరకు నిర్వహణ సాయం, సభ్యుల వాటాధనానికి జోడీగా 15 లక్షల దాకా గ్రాంటు ఇస్తామంది. వ్యవసాయ మౌలిక వసతుల నిధి కింద 2 కోట్ల వరకు అప్పుకు 3 శాతం వడ్డీ రాయితీ కూడా ప్రకటించింది. ఇంత అప్పు పుడుతుందని తెలిశాక, ఎరువుల దుకాణం నడుపుకుంటున్న కంపెనీకి మిల్లు మీదా సొంత బ్రాండు మీదా మనసు పోతుంది. పోవడంలో తప్పులేదు. కానీ వాటాధనంలో సగానికి మించి ఖర్చయ్యే ఏ కొత్త వ్యాపారమైనా సర్వసభ్య సమావేశంలో విడిగా ఓటుకు రావాలి. కొనబోయే యంత్రం సభ్యుల సరుకుతోనే ఏడాదికి ఎన్ని నెలలు తిరుగుతుందో ఆ ఓటుకు ముందే లెక్క చూపాలి. ఈ రెండు షరతులూ కంపెనీ నియమావళిలో చేరాలని మా కోరిక.

వడ్ల మిల్లు సంగతే చూడండి. ప్రభుత్వానికి ఆడించి ఇచ్చే మిల్లు క్వింటాలు వడ్లకు 67 కిలోల పచ్చి బియ్యం అప్పజెప్పాలి. తెలంగాణలో యాసంగి వడ్లు ఎండలకు బీటలుబారి మిల్లులో విరుగుతాయి. నూకే ఎక్కువ దిగుతుంది. అందుకే ఇక్కడి మిల్లర్లు ఆ వడ్లను ఉడకబెట్టి ఉప్పుడు బియ్యం చేస్తారు. బాయిలర్ లేని మిల్లుకు ఆ పంటతో పెద్దగా పని ఉండదు. బాయిలర్ పెట్టినా ఆ బియ్యం అమ్ముడవుతుందన్న హామీ లేదు, 2021-22లో కేంద్రం ఉప్పుడు బియ్యం తీసుకోనని భీష్మించింది. పోనీ మనమే వడ్లు కొని ఆడించి అమ్ముదామంటే, రైతుకు డబ్బు కోతల నాడే కావాలి, బియ్యం డబ్బు నెలల తర్వాత వస్తుంది. మిల్లు పెట్టడానికి అప్పు తెచ్చిన కంపెనీ అసలు ఇరుక్కునేది ఈ మధ్యకాలపు పెట్టుబడి దగ్గరే. బ్యాంకు వాయిదాకు మాత్రం వానాకాలం, యాసంగి తేడా లేదు.

నిలదొక్కుకున్న సంఘాల్లో సరుకు ముందు వచ్చింది, యంత్రం తర్వాత వచ్చింది. 1946లో మొదలైన ఖేడా పాల సంఘం బొంబాయికి పాలు పంపేది. చలికాలంలో గేదెల పాలు పొంగిపొర్లి, నగరం అన్నీ తీసుకోలేక మిగిలిపోయాయి కనుకనే 1955లో ఆనంద్‌లో పాలపొడి, వెన్న ఫ్యాక్టరీ పెట్టారు. మన ములుకనూరు సహకార గ్రామీణ బ్యాంకు 1956 నుంచి రైతుల అప్పుసప్పులు చూస్తూ, వాళ్ల పంట కొనడంలోకీ ఆడించడంలోకీ దిగింది. పాల వ్యాపారాన్ని మాత్రం నెత్తికెత్తుకోలేదు. 2002లో అక్కడి మహిళలే వేరే సంఘంగా డెయిరీ తెరిచారు. అందువల్ల పాలలో నష్టమొచ్చినా వడ్ల రైతు వాటాధనం కరగదు.

ఒకే పంటను నమ్ముకోవడం ప్రమాదం కాదా అని అడుగుతారు. నిజమే. అయితే సభ్యులు కందులు కూడా వేస్తుంటే కందుల కొనుగోలు మొదలుపెట్టడం వేరు, ఎవరూ పండించని సరుకును బయట కొని బ్రాండు వేయడం వేరు. రెండోది వర్తకం, అందులో మనకంటే ఆరితేరినవాళ్లు ఊరూరా ఉన్నారు. ఆలస్యమైతే రాయితీ చేజారుతుందనే భయమూ ఉంది. రాయితీ వడ్డీని తగ్గిస్తుంది, అసలు మనమే కట్టాలి. ఓటింగు పెడితే డైరెక్టర్ల చేతులు కట్టేసినట్టని మరో వాదన. రోజువారీ క్రయవిక్రయాలకు ఓటు అక్కర్లేదు. ఏళ్ల తరబడి మోయాల్సిన బరువుకే మోసేవాళ్ల మాట అడగమంటున్నాం.

డైరెక్టర్లు ముందుకు రాకపోతే ఎదురుచూడనక్కర్లేదు. ఉత్పత్తిదారుల కంపెనీ నియమావళి (ఆర్టికల్స్) సవరణను మూడో వంతు సభ్యులు కూడా ప్రతిపాదించవచ్చని చట్టమే చెబుతోంది. ప్రత్యేక తీర్మానంతో అది ఆమోదం పొందాలి. 300 మంది సభ్యులున్న కంపెనీలో 100 సంతకాలు చాలు.